పాలు లేని గులాబ్‌జాములు

గులాబ్‌జామ్ పొడిలో పాలు ఉంటాయా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను. ఉంటాయి. నీళ్ళు పోసి కలిపినా, నూనెలో వేయించినా, పంచదార పాకంలో నానబెట్టినా ఉంటాయి. మైదాతో పాటు పాలపొడి ముందే కలిపేసి ప్యాకెట్టులో పోస్తారు. ఆ సంగతి ప్యాకెట్టు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంటుంది. పాలు, పెరుగు, నెయ్యి ముట్టని వాళ్ళు, వీగన్లు అంటున్నారు వాళ్ళని, ఆ జాములు తినకూడదు. ఇంతే సంగతి. ముప్పై ఏళ్ళు ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పిన నాకు ఇది తెలియక పొరపాటు జరిగిపోయిందని రాసుకోగలిగితే ఎంత బాగుండేది. నాకు తెలుసు. తెలిసే చేశాను.

మాది ఆమదాలవలసకి దగ్గరలో ఒక పల్లె. స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే పావుగంట. మా ఆయనకి కొంచెం వరి పొలం, పెరట్లో ఎప్పుడూ ఒకటో రెండో గేదెలు. నాకు బడి. మాకు పిల్లలు లేరు. మా అక్క, బావ బరంపురంలో ఉద్యోగాలు చేసేవారు. అక్కడ పిల్లకి ఒడియా తప్ప తెలుగు రావడం లేదని మా అక్క బెంగపడి, మూడో తరగతిలో దాన్ని తెచ్చి నా దగ్గర దింపింది. ఏడో తరగతి అయ్యేదాకా అది మా ఇంట్లోనే పెరిగింది.

వచ్చిన కొత్తలో దానికి తెలుగు అక్షరం ఒక్కటీ తెలియదు. పుస్తకం చూపిస్తే ఏడ్చేది. అందుకని వంటింట్లో కవర్లు చదివించేదాన్ని. ఉప్పు కవరు, టీపొడి కవరు, సబ్బు మీద కాగితం. గూట్లోంచి ఒకటి తీసి ఇచ్చి, వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదవమనేదాన్ని. ఒక కవరు మొత్తం చదివితే బహుమతి. "కళ్ళు మూసుకో, నోరు తెరు" అనేదాన్ని. అది గట్టిగా కళ్ళు మూసుకుని నోరు ఇంత తెరిచేది. బెల్లం ముక్కో, పంచదార అద్దిన మీగడో నోట్లో పెట్టేదాన్ని. ఏం పెడుతున్నావని ఆ అయిదేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఇక పరీక్షలు పాసయిన రోజున ప్యాకెట్టు పొడితో గులాబ్‌జాములు. వాటి కోసమే చదువుతున్నానని అందరికీ చెప్పేది.

అలాంటి పిల్ల పెద్దదై, విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరి, ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి గది తీసుకుని ఉంటోంది. నిరుడు వానల్లో నా మోకాలు వాచి లేవలేకపోతున్నానని తెలిసి, అయిదు రోజులు సెలవు పెట్టి వచ్చింది. అడక్కుండానే వచ్చింది. మా చుట్టాల్లో ఇంకెవరూ రాలేదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, నేను చేసింది ఎవరికి చేశానో చదివేవాళ్ళకి తెలియాలి కదా.

వచ్చిన సాయంత్రం కుంటుకుంటూ లేచి, అప్పుడే పితికిన పాలతో చిక్కగా కాఫీ కలిపి ఇచ్చాను. అది గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

"వద్దు పిన్నీ. పాలు మానేసినాను."

"ఒంట్లో బాగోనేదేటి?"

"బాగానే ఉన్నాను. పాలు, పెరుగు, నెయ్యి, ఏటీ తినడం నేదు. యాడాది అయిపోయింది."

మా వైపు కార్తీకమాసంలో నీచు మానేస్తాం. చేపలు, మాంసం, గుడ్డు ఇంట్లోకి రానివ్వం. ఆ నెలంతా ఒంటిపూట ఉండేవాళ్ళు పాలు తాగి ఉంటారు. పాలకి మించిన మడి తిండి లేదని పుట్టినప్పటినుంచీ అనుకున్నదాన్ని. నీచు మానేసినట్టు పాలు మానేయడమేమిటో నా బుర్రకి ఎక్కలేదు. ఎందుకని అడిగాను. గేదెల్ని, దూడల్ని అలా చూడడం ఇష్టం లేదని మెల్లగా చెప్పింది. వాదన పెట్టుకోలేదు. నన్ను మానమనీ అనలేదు.

మా ఆయన అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. విన్నాడు.

"మనింట్లో పాలు తాగనిది దూడొక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నాడు.

నేను పకపకా నవ్వాను. ఆయనా నవ్వాడు. పిల్ల నవ్వలేదు. గ్లాసు తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద పెట్టి, నా మోకాలికి నూనె వెచ్చబెట్టడానికి వెళ్ళింది.

ఆయన ఆ మాట అన్నాక మరిచిపోయాడు. తినకపోతే మానేస్తుంది, దానికేముంది అన్నాడు. నేను మరిచిపోలేకపోయాను. నాకు కడుపు మండిపోయింది. నా చేతి మీగడ తిని పెరిగిన పిల్ల, నా ఇంటి పాలని పాపం సొమ్ములా చూస్తుందా అనిపించింది. బడిలో కూడా నేను అంతే. పిల్లాడు తప్పు చేస్తే ఊరుకునేదాన్ని, నా మాట కాదంటే ఊరుకునేదాన్ని కాదు. రెండోరోజు పప్పులో నేతితో పోపు పెట్టాను. అది ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి, వాసన చూసి ఆగిపోయింది.

"మర్చిపోయినానే" అన్నాను.

మరిచిపోలేదు. అది ఆ పప్పన్నం పక్కకి జరిపి, ఆవకాయతో అన్నం కలుపుకుని తింది. తిన్న కంచం కడిగి బోర్లించింది. మా ఇంట్లో దాని కంచం అంత తొందరగా ఖాళీ అవడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడైనా సిగ్గుపడాల్సింది. పడలేదు. ఇంకా కోపమొచ్చింది.

నాలుగోరోజు డాక్టరుకి మోకాలు చూపించుకోవడానికి ఆమదాలవలస వెళ్ళాను. పిల్లని ఇంటి దగ్గర ఉంచి మా ఆయనతోనే వెళ్ళాను. తిరిగి వస్తూ కిరాణా కొట్టు దగ్గర ఆటో ఆపించాను. కొట్టతను ఒకప్పుడు నా దగ్గర రెండో తరగతి చదివినవాడే. పాలు లేని మిఠాయి ఏముందని అడిగాను. అతను అటూ ఇటూ చూసి గులాబ్‌జామ్ పొడి ప్యాకెట్టు తీసి నా ముందు పెట్టాడు.

"ఇది సూడండి టీచరమ్మా. పచ్చసుక్క ఉన్నాది. పచ్చసుక్కుంటే ఇంకేటి బయ్యం? నీల్లతో కలపడవే గదా."

నిజమే అనుకున్నాను. ఆ ఆకుపచ్చ చుక్క ఉంటే అందులో నీచు లేదని అర్థం, అంతే. పాలు లేవని కాదు. కానీ మా లెక్కలో పచ్చచుక్క ఉంటే దేవుడికి కూడా నైవేద్యం పెట్టొచ్చు. ఇక పిల్లకి పనికి రాకపోవడమేమిటి? ఆటోలో ఇంటికి వస్తూ నిజంగానే సంబరపడ్డాను. మొన్నటి పోపు సంగతి దీంతో చెరిగిపోతుంది అనుకున్నాను. ఆ ప్యాకెట్టు కొన్నంతవరకు నా మనసులో కల్మషం లేదు. ఆ పావుగంట ప్రయాణం ఒక్కటే నాకు ఇప్పుడు తలుచుకోవడానికి మిగిలింది.

ఇంటికి వచ్చేసరికి పిల్ల పెరట్లో బట్టలు తీస్తోంది. నేను కత్తెరతో ప్యాకెట్టు కొస కత్తిరించబోతూ, అలవాటు కొద్దీ వెనక్కి తిప్పాను. ఏ కవరైనా చదవకుండా పారేసే అలవాటు నాకు లేదు. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మైదా, ఆ తరవాత పాలపొడి. అది చాలనట్టు అడుగున లావుపాటి అక్షరాల్లో ఇంకోసారి: ఇందులో పాలు ఉన్నాయి.

ఆ ప్యాకెట్టు గూట్లో పడేసి, పిల్లని పిలిచి, "సూడవే, కొట్టోడు ఇలగ మోసం సేసినాడు" అని నవ్వేస్తే సరిపోయేది. నాకు ఆ మాటే తోచలేదు. తోచింది వేరే. అది తింటుంది, ఏమీ కాదు. తిన్నాక చెబుతాను, పాలు తిన్నావు కదే, ఏమయింది, కొంపేమైనా మునిగిందా అని. అప్పుడు అది సిగ్గుపడి నవ్వుతుంది, రేపటినుంచి కాఫీ తాగుతుంది. ఇదీ నేను వేసుకున్న పథకం. పిల్లకి తీపి పెట్టడం కోసం కాదు, నా మాట నెగ్గించుకోవడం కోసం ఆ పిండి కలిపాను. పొడి గిన్నెలో వంపుకుని, కవరు నాలుగు మడతలు పెట్టి, పెరట్లో గేదెకి కుడితి కాగుతున్న పొయ్యిలో పడేశాను. అది ముడుచుకుపోయి నల్లగా అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

జాములు బాగా కుదిరాయి. ఒక్కటి కూడా పగల్లేదు. యాలకులు దంచి వేసిన పాకం వాసనకి పిల్ల బట్టల మూట మంచం మీద పడేసి వంటింట్లోకి వచ్చింది. గిన్నె చూసింది. దాని మొహం చిన్నప్పటిలా అయిపోయింది, వెంటనే మళ్ళీ పెద్దదయిపోయింది.

"వీటిలో పాలపొడి ఉంటాది పిన్నీ."

"ఇందులో నేదు. కొత్తరకం వచ్చినాది."

"కవరేది?"

"పొయ్యిలో ఏసేసినాను."

అది నా వంక చూసింది. "నిజంగా నేదా?"

ఆ క్షణంలో ఇంకా దారి ఉంది. "ఏమో, సరిగ్గా సూడనేదు" అన్నా అది తినకుండా ఊరుకునేది. నేను ఏం చేశానంటే, పాకం అంటిన చేతిని చీర కొంగుకి తుడుచుకుని, తీసుకెళ్ళి దాని నెత్తి మీద పెట్టాను.

"నీ మీదొట్టు. సుక్క పాలు నేవు."

నా జన్మలో ఎవరి తల మీదా ఒట్టు వేయలేదు. బడిలో పిల్లలు మాటకి ముందు ఒట్టు వేసుకుంటుంటే చెంప మీద ఒకటి వేసేదాన్ని. నాకున్నది అదొక్కతే, దాని తల మీదే ఒట్టు వేశాను. దేని కోసం? ప్యాకెట్టు పొడి కోసం.

అది ఇంకో క్షణం నన్ను చూసింది. తరవాత తనంత తానే కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

మూడు తింది. మూడోది తింటుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. "యాడాది అయింది పిన్నీ ఇవి తిని. ఇంక తిననేమో అనుకున్నాను" అంది. పథకం ప్రకారం నేను చెప్పాల్సిన మాట అప్పుడే చెప్పాలి. నోరు తెరవలేకపోయాను. అది అంత ఆనందంగా తింటుంటే నేను నెగ్గింది ఏమిటో నాకు కనిపించలేదు. పైగా అది ఇంకో మాట అంది.

"మా రూమ్‌లో ఇద్దరూ నాలాగే, పాలు తినరు. ఆళ్ళకీ ఇవంటే పేణం. కొన్ని డబ్బాలో పెట్టియ్యవా?"

అప్పటికప్పుడు వాళ్ళకి ఫోన్ చేసి చెప్పింది కూడా, మా పిన్ని పాలు లేని గులాబ్‌జాములు చేసింది, తెస్తున్నాను అని. ఆ ఫోన్లో వాళ్ళ కేకలు నాకు వినిపించాయి. నేను స్టీలు డబ్బా కడిగి తుడిచి, పదిహేను జాములు లెక్కపెట్టి అందులో వేశాను. మూత గట్టిగా బిగించాను.

మర్నాడు దాని ప్రయాణం. పొద్దున్నే మా ఆయన పాలు పితుకుతుంటే అది వెళ్ళి పాకలో గుంజకి ఆనుకుని నిలబడింది. కుడితి బకెట్టు తీసుకుని నేనూ వెళ్ళాను.

"నాను పట్టుకున్న దూడ గుర్తున్నాదా పిన్నీ?" అంది.

గుర్తులేకేం. అది అయిదో తరగతిలో ఉండగా మా గేదె మగదూడని ఈనింది. మగదూడ పాలివ్వదు, మా కంటికి ఆనదు. పాలకేంద్రానికి పోసే పాలు తగ్గకూడదని పొదుగులో చుక్క మిగలకుండా పితికేవాళ్ళం. దూడ ఎముకల గూడై, ఒక వానపూట చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె చేపదు, అంటే పాలు పొదుగులోకి దిగనివ్వదు. అందుకు మా వైపు ఒక పద్ధతి ఉంది. చచ్చిన దూడ తోలు తీయించి, ఉప్పు రాసి, లోపల గడ్డి కుక్కి కుట్టి, కాళ్ళకి కర్రలు పెట్టి, గేదె మొహం దగ్గర నిలబెడతారు. గేదె దాన్ని నాకుతూ చేపుతుంది. అవతల పితుక్కుంటారు. మా ఆయన అలాంటి దూడని చేయించి తెచ్చాడు. అది నిలవక పడిపోతుంటే, పట్టుకునే పని నేను పిల్లకి చెప్పాను.

"ఇది బతికే ఉన్నాదా పిన్నీ?" అని అడిగింది అప్పుడు.

"నిద్దరోతన్నాది. కదపకుండా పట్టుకో" అన్నాను.

పదిహేను రోజులు పట్టుకుంది. పూటపూటా ఊపిరి బిగబట్టి, కదలకుండా. ఒకరోజు కడుపు దగ్గర కుట్టు విడిపోయింది. గేదె నాకుతూ నాకుతూ, బయటికి వచ్చిన గడ్డిని లాక్కుని నమిలేసింది. పిల్ల పరుగెత్తుకుంటూ వంటింట్లోకి వచ్చి, "పిన్నీ, దాని కడుపులో గడ్డి ఉన్నాది" అంది. "దూడ గడ్డి గదా తింతాది. కడుపులో గడ్డి కాక ఏటుంటాది?" అన్నాను నేను. ఆ జవాబు నాకే భలే నచ్చింది. బడిలో తోటి టీచర్లకి చెప్పి ఎన్నిసార్లు నవ్వించానో. ఏళ్ళ తరబడి చెప్పాను.

ఇప్పుడు పాకలో నిలబడి అడిగాను, "అందుకేనా నువ్వు పాలు మానేసినావు?"

"అదొక్కటే కాదు పిన్నీ. శానా ఉన్నాయి" అంది. గేదె వీపు నిమిరింది. "అది సచ్చిపోయిందని నాకు ఆవేళే తెల్సు. కాని నువ్వు నిద్దరోతందన్నావు గదా. ఊపిరి వినపడతాదేమోనని రోజూ సెవి పెట్టి సూసీదాన్ని."

కోపంగా అనలేదు. చిన్నప్పటి వెర్రితనం చెప్పుకుని నవ్వుకున్నట్టే అంది. నేను బకెట్టు గేదె ముందు పెట్టాను. ముందురోజు ఈ పిల్ల నెత్తి మీద పెట్టిన చేతినే చూసుకుంటూ నిలబడ్డాను.

రైలు పదింటికి. మోకాలు నొప్పి అయినా నేను స్టేషన్‌కి వస్తానన్నాను. వద్దంది, వినలేదు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. రైలు ఆలస్యమని చెప్పారు. సంచి దాని ఒళ్ళో ఉంది. సంచిలో డబ్బా ఉన్నచోట ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. రైలు రాకూడదని ఒకసారి, వచ్చేసి దీన్ని తీసుకుపోతే బాగుండునని ఒకసారి అనుకున్నాను. ఆ డబ్బా వెళ్ళిపోతే మొహం కూడా తెలియని ఇంకో ఇద్దరు పిల్లలు నా ఒట్టుని తింటారు.

"ఆ డబ్బా ఇలగియ్యి" అన్నాను.

"ఎందుకు?"

"అందులో పాలున్నాయి."

అది నా వంక తిరిగింది. నేను పట్టాల వంక చూస్తూ మిగిలింది చెప్పేశాను. కవరు చదివానని, చదివే పొయ్యిలో వేశానని, పప్పులో నెయ్యి కూడా మరిచిపోయి వేసింది కాదని. తల ఎత్తలేకపోయాను. ఇంత వయసొచ్చాక నేను పెంచిన పిల్ల ముందు దొంగలా కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ పొడిలో పాలుంటాయని నాకు తెల్సు పిన్నీ" అంది. "అన్ని కంపెనీల కవర్లూ సదివినాను. ఎందులోనూ నేకుండా నేవు. కాని నువ్వు నా మీద ఒట్టేసినావు గదా. నీకన్నా కవరు ఎక్కువేటి అనుకున్నాను."

సంచి జిప్పు తీసి, డబ్బా బయటకి తీసి, పాకం కారకుండా నిలువుగా పట్టుకుని నా ఒళ్ళో పెట్టింది.  రైలు వచ్చింది. ఎక్కాక కిటికీ దగ్గర కూర్చుని, "మోకాలికి నూనె రాయడం మానకు" అంది. చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చాను. మా ఆయన మూత తీసి రెండు తిన్నాడు. ఎందుకలా ఉన్నావని అడిగితే అంతా చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుంటూ, "నువ్వులుండలు సేసుంటే అయిపోను గదా. నువ్వులు, బెల్లం. దానికి పాలెందుకు?" అన్నాడు.

నాకు ఇంకోసారి తల కొట్టేసినట్టయింది. నువ్వులుండలు, బియ్యప్పిండి బెల్లంతో నూనెలో వేసే అరిసెలు, కొబ్బరి లౌజు. మా అమ్మ చేసినవన్నీ అది తినేవే. ఒక్క పూట కష్టపడితే ఇల్లంతా దానికి పనికొచ్చే తీపితో నింపేదాన్ని. నాకు చేతనవక కాదు. దానికి ఏం కావాలో ఆలోచించలేదు, దాన్ని ఎలా ఓడించాలో ఆలోచించాను.

తరవాత అది ఫోన్ చేయడం మానలేదు. వారానికోసారి చేసేది, మోకాలు అడిగేది, చిన్నాన్న ఎలా ఉన్నాడని అడిగేది. ఏం తిన్నావే అని నేను అడిగితే మాత్రం, తిన్నానులే పిన్నీ అనేది. అంతకుముందైతే ఏం తిన్నదీ, అందులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా చెప్పేది.

ఈ ఏడు మామిడికాయల రోజుల్లో మళ్ళీ వచ్చింది. వస్తానని చెప్పిన రోజునుంచే నువ్వులు కడిగి ఎండబెట్టాను. వేయించి, బెల్లం కలిపి రోట్లో దంచి, వేడి మీద ఉండలు చుట్టాను. అది రాగానే సంచిలోంచి తన బిస్కెట్టు ప్యాకెట్లు, అటుకులు తీసి వంటింటి గట్టు మీద వరసగా పెట్టుకుంది. ఇదివరకు మా ఇంటికి తిండి తెచ్చుకుని ఎప్పుడూ రాలేదు. నేను చూడనట్టు ఉండి, ఉండలు ప్లేటులో పెట్టి దాని ముందు పెట్టాను.

"నువ్వులు, బెల్లం. అంతే" అన్నాను. ఒట్టు అనలేదు. ఆ మాట నా నోటికి ఇంక రాదు.

దానికి చదువుకోవడానికి కవరు లేదు. ఒక ఉండ తీసుకుంది. వేళ్ళ మధ్య తిప్పి చూసింది. అలా చూస్తూనే, చాలా మెల్లగా, నన్ను నొప్పించకూడదన్నట్టు అడిగింది.

"సేతికి ఏటి రాసుకుని సుట్టినావు పిన్నీ?"

 నలభై ఏళ్ళుగా ఏ ఉండ చుట్టినా అరచేతికి నెయ్యి రాసుకునే చుడతాను. పిండి అంటుకోకుండా అందరం అంతే. నువ్వులూ బెల్లమూ జాగ్రత్తగా చూసుకున్నదాన్ని నా చేతులు చూసుకోలేదు. నూనె అని చెప్పొచ్చు. ఎవరికి తెలుస్తుంది?

"నెయ్యి" అన్నాను. "సూసుకోనేదే. అలవాటుకి రాసేసుకున్నాను."

ఉండని ప్లేటులో పెట్టేసింది. ప్లేటు తీసుకెళ్ళి అరుగు మీద వాళ్ళ చిన్నాన్నకి ఇచ్చి వచ్చింది. నేను గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. వచ్చి నా పక్కన కూర్చుంది.

"రేపు నూనె రాసుకుని సుట్టు. తింతాను" అంది.

మర్నాడు మళ్ళీ నువ్వులు వేయించాను. అది పీట తెచ్చుకుని నాకు ఎదురుగా కూర్చుంది. నూనె గిన్నెలో వేళ్ళు ముంచినప్పటినుంచి ఆఖరి ఉండ చుట్టేదాకా నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది. చుట్టడం అయ్యాక ఒకటి తీసి దాని చేతికిచ్చాను. కళ్ళు మూసుకోమని నేను అనలేదు.